"క్లినికల్ హెడ్" చేస్తామంటున్నారు. జీతం ఆరు వేలు ఎక్కువ, తలనొప్పి ఆరింతలు. ఒప్పుకోమంటారా?

నత్తినడక

స్పీచ్ థెరపీలో (కాగితం మీద స్పీచ్ పాథాలజీ) మాస్టర్స్ అయ్యి ఏడేళ్లు. అందులో ఐదేళ్లు హైదరాబాద్‌లో నాలుగు బ్రాంచీలున్న ఒక థెరపీ సెంటర్‌లోనే. పేరు చెప్పను. చెప్తే వచ్చే వారం నా స్లాట్లన్నీ రాత్రి ఏడున్నరకి పడతాయి.

మొన్న శనివారం ఓనర్ గారు లోపలికి పిలిచి టీ తెప్పించారు. ఐదేళ్లలో అదే మొదటి టీ. అప్పుడే అనుమానం వచ్చింది. "మిమ్మల్ని క్లినికల్ హెడ్ చేద్దామనుకుంటున్నాం" అన్నారు. వివరాలు అడిగాను. జీతం 46 వేల నుంచి 52 అవుతుంది. రోజుకి ఇప్పుడు ఎనిమిది సెషన్లు తీసుకుంటున్నా, ఏడు తీసుకుంటే చాలట. మిగిలిన ఆ ఒక్క గంటలో తొమ్మిదిమంది థెరపిస్టుల రోస్టర్, కొత్తగా చేరినవాళ్లకి ట్రైనింగ్, పేరెంట్స్ ఫిర్యాదులు, రిపోర్టుల మీద సంతకాలు, నెలవారీ టార్గెట్. టార్గెట్ అంటే ఎన్ని సెషన్లు బుక్ అయ్యాయి, ఎంతమంది మానేశారు అనే లెక్క. పిల్లలకి మాట వచ్చిందా లేదా అన్నది అందులో ఎక్కడా లేదు.

ఆ తొమ్మిదిమందిలో ఒకమ్మాయి నా బ్యాచ్‌మేట్. హాస్టల్లో ఒకే గది, పరీక్షలకి ఒకే నోట్సు. రేపటి నుంచి తన సెలవు చీటీ మీద నేను సంతకం పెట్టాలి.

ఇంట్లో "హెడ్ అంటే మంచిదేగా, ఏడుస్తావేం" అంటున్నారు. వాళ్లకి ఏం చెప్పను? మా మావయ్యకి ఇప్పటికీ స్పీచ్ పాథాలజీ అంటే రక్తపరీక్షలే. మొన్న థైరాయిడ్ టెస్ట్‌కి డిస్కౌంట్ ఇప్పించమన్నారు.

మన పనిలో ఎదగడం అంటే థెరపీ తగ్గించుకుని ఎక్సెల్ షీట్లు పెంచుకోవడమేనా? వేరే దారి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. బుధవారం లోపు జవాబు ఇవ్వాలి.

బెజవాడ_క్లినిక్

వద్దనండి. సొంతంగా పెట్టుకోండి. ఏడేళ్ల అనుభవం ఉండి ఇంకొకరి టార్గెట్ మోయడమెందుకు?

ఇంటర్న్_గోల

థైరాయిడ్ 😂 మా అత్తయ్య "పిల్లాడికి నత్తి, ఏ టెస్ట్ చేయించాలి, పరగడుపున రావాలా" అని అడిగింది.

ఊయల_ఓటీ

ఒక ప్రశ్న. ఆ తొమ్మిదిమందీ స్పీచ్ వాళ్లేనా? మావాళ్లు కూడా ఉన్నారా?

నత్తినడక

ఊయల_ఓటీ గారూ, ఐదుగురు స్పీచ్, ముగ్గురు ఓటీలు (ఆక్యుపేషనల్ థెరపిస్టులు), ఒక స్పెషల్ ఎడ్యుకేటర్. అందరి రిపోర్టుల మీదా నా సంతకమే అన్నారు.

ఊయల_ఓటీ

అనుకున్నా. ఇక్కడే గొడవ మొదలవుతుంది. పిల్లాడికి థెరపీలో ఏ ఊయల ఎంతసేపు అన్నది నేను రాస్తే, దాని కింద స్పీచ్ మేడం సంతకం ఎలా చెల్లుతుంది? రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు మీరు చెప్పలేరు, నాకు చెప్పే అవకాశం ఉండదు. మీమీద కోపం కాదు. మా దగ్గర ఇలాగే ఒక స్పీచ్ హెడ్ ఉండేవారు, మంచావిడే. కానీ మా ఊయలని "ఆట" అనేవారు.

పాత_టేప్‌రికార్డర్

నేను రిటైరై ఆరేళ్లయింది. రీలు తిరిగే టేప్‌రికార్డర్‌లో పేషంట్ గొంతు రికార్డు చేసి, స్టాప్‌వాచ్ పట్టుకుని వాక్కు వేగం లెక్కపెట్టిన కాలం మాది. మైసూరులోని వాక్కు, వినికిడి సంస్థ 1965లో మొదలైంది. మేము చదువుకునేనాటికి "ఈ కోర్సు చేస్తే ఏ ఉద్యోగం వస్తుంది" అంటే మా మేష్టార్లకే సరిగా తెలియదు. నా మొదటి గది ఒక ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో విరిగిన స్ట్రెచర్లు పెట్టే కొట్టు. ఏడాదిన్నర పోరాడితే స్ట్రెచర్లు తీశారు. ఇంకో రెండేళ్లకి ఫ్యాను వచ్చింది. అదే నా ప్రమోషన్.

నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ ఆ గది వచ్చాక పేషంట్లు నా దగ్గరికి నేరుగా రావడం మొదలైంది. అంతకుముందు డాక్టరుగారు చీటీ మీద "స్పీచ్ థెరపీ, 10 రోజులు" అని రాసేవారు, బి కాంప్లెక్స్ రాసినట్టు. ఎన్నిరోజులు, ఏ పద్ధతి అన్నది నేను తేల్చే విషయం అని ఆయనకి ఒప్పించడానికి నాకు అయిదేళ్లు పట్టింది. హెడ్ అన్న మాట ఎవరూ అనలేదు.

అమ్మాయీ, టీ తెప్పించినప్పుడే అనుమానం వచ్చిందన్నావు చూడు, ఆ అనుమానం మంచిది. సంతకం సంగతి మాత్రం ఓటీ చెప్పినదానికంటే పెద్దది. నీ ఆర్‌సీఐ (మన వృత్తివాళ్లని నమోదు చేసే కేంద్ర మండలి) నంబరు నువ్వు చూడని పిల్లాడి రిపోర్టు మీద పడకూడదు.

బెజవాడ_క్లినిక్

ఆర్‌సీఐ అంటే గుర్తొచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేస్తే 1992 చట్టం ప్రకారం శిక్ష ఎంతో తెలుసుగా? ఏడాది వరకు జైలు, లేదంటే వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! మా వీధి చివర మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుతో బోర్డు పెట్టినాయన రెండు సెషన్లలో సంపాదిస్తాడు.

ఇంటర్న్_గోల

సంతకాల గురించి నేను కూడా ఒకటి చెప్తా. నన్ను పోస్టింగ్ రెండో వారం నుంచే ఒక్కదాన్నే సెషన్లో కూర్చోబెట్టారు. నాలుగేళ్ల పిల్లాడు, ఒక్క మాట లేదు, అరుస్తున్నాడు. నేను కూడా అరవాలనుకున్నా. సాయంత్రం రిపోర్టు నేనే రాశా, కింద సీనియర్ మేడం సంతకం. ఆవిడ ఆ పిల్లాడిని ఒక్కసారి కూడా చూడలేదు. ఎక్కడో చెప్పను.

నత్తినడక

ఇంటర్న్_గోల, చదువుతుంటే ఒళ్లు మండింది, ఆ వెంటనే సిగ్గేసింది. పోయిన ఏడాది నేనూ రెండుసార్లు అలా సంతకం పెట్టాను. టైం లేదు అన్నదొక్కటే నా సమాధానం.

బ్యాండ్_బాజా

ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ స్వర్గం అని చెప్పడానికి రాలేదు. వెయిటింగ్ లిస్టులు చూస్తే మీకే జాలేస్తుంది. కానీ నత్తినడక గారు అడిగిన "వేరే దారి" ఒకటి ఇక్కడ కాగితం మీదైనా ఉంది.

ఎన్‌హెచ్ఎస్‌లో, అంటే ఇక్కడి సర్కారు వైద్య సేవలో, అందరికీ బ్యాండ్లు, జీతం మెట్లన్నమాట. కొత్తగా చదువైపోయినవాళ్లు బ్యాండ్ 5. స్వతంత్రంగా కేసులు చూడగలిగాక 6. 7కి వచ్చేసరికి దారి రెండుగా చీలుతుంది. ఒకటి టీమ్ లీడ్: మనుషులు, రోస్టర్లు, బడ్జెట్. ఇంకోటి క్లినికల్ స్పెషలిస్ట్: మింగడంలో ఇబ్బందులో, నత్తో, ఏఏసీనో (మాట బదులు కార్డులు, పరికరాలతో చెప్పించడం), ఒకదాంట్లో లోతుగా వెళ్లడం. ఇద్దరి జీతం స్కేలూ ఒకటే. అంటే బాగా థెరపీ చేసేవాళ్లు జీతం పెరగడానికి థెరపీ మానెయ్యక్కర్లేదు.

నేను ఇండియాలో ఆరేళ్లు చేసి వచ్చినా హెచ్‌సీపీసీ (ఇక్కడి ఆర్‌సీఐ లాంటిది) రిజిస్ట్రేషన్ తెచ్చుకుని బ్యాండ్ 5లోనే చేరాల్సొచ్చింది. మా టీమ్ లీడ్ నాకంటే నాలుగేళ్లు చిన్న. మొదట్లో మింగుడుపడలేదు (మన వృత్తి జోకు, క్షమించండి). ఆ అమ్మాయి మాత్రం నెలకోసారి గంటన్నర సూపర్‌విజన్ ఒక్కసారి కూడా వాయిదా వెయ్యలేదు. వార్డులో మంటలొచ్చినా ఆ గంటన్నర నాదే.

ఇంకోటి. 2023 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌సీపీసీ ప్రమాణాల్లో నాయకత్వానికి ప్రాధాన్యం పెంచారు. మేనేజర్లకి మాత్రమే అని కాదు, రిజిస్టరైన ప్రతివాళ్లకీ. చదివి అప్పుడు నవ్వాను. ఇప్పుడు అంత నవ్వు రావట్లేదు.

బెజవాడ_క్లినిక్

అక్కడ సర్కారు జీతం ఇస్తుంది కాబట్టి రెండు దారులు. ఇక్కడ గది అద్దె ఎవరు కడతారు? స్పెషలిస్ట్ అని బోర్డు పెడితే వారానికి నత్తి కేసులు ఎన్ని వస్తాయి? మా దగ్గర వారానికి మూడు. మిగతా అంతా ఆటిజం, మాట ఆలస్యం. అన్నీ చూస్తేనే అద్దె గడుస్తుంది.

టెక్సాస్_పంతులమ్మ

బ్యాండ్_బాజా గారూ, మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో "లీడ్ ఎస్‌ఎల్‌పీ" (స్పీచ్ థెరపిస్టుల లీడ్) అని ఒకటుంది. ఏడాది చివర చిన్న స్టైపెండ్. దానికోసం 62 మంది పిల్లల కేస్‌లోడ్ తగ్గించరు. నత్తినడక గారి కథ, డాలర్లలో.

కానీ ఒకటి నేర్చుకున్నా. ఇక్కడ కొత్తగా మాస్టర్స్ అయినవాళ్లకి క్లినికల్ ఫెలోషిప్ ఉంటుంది, కనీసం 36 వారాలు, 1,260 గంటలు, పైన ఒక మెంటర్. 2020 నుంచి ఆ మెంటర్‌కి కూడా షరతు పెట్టారు: సర్టిఫికేషన్ తర్వాత కనీసం తొమ్మిది నెలల పని, సూపర్‌విజన్ మీద రెండు గంటల శిక్షణ. రెండు గంటలేనా అనుకోవచ్చు. కానీ "బాగా థెరపీ చేసేవాళ్లకి నేర్పించడం దానంతటదే రాదు" అని ఎవరో ఒకరు ఒప్పుకున్నట్టేగా. మన దగ్గర సీనియర్ అయితే చాలు, గురువు అయిపోతాం.

అన్నట్టు మా అమ్మ ఊళ్లో అందరికీ "మా అమ్మాయికి అమెరికాలో ఆశా సర్టిఫికెట్ వచ్చింది" అని చెప్పింది (ఆశా అంటే ఇక్కడి స్పీచ్, హియరింగ్ వాళ్ల సంఘం). పక్కింటి పిన్నిగారు "అంత చదివి ఆశా వర్కరా, అయ్యో" అన్నారట.

పదకొండు_నెలలు

పిన్నిగారికి చెప్పండి, ఆశా వర్కర్లు లేకపోతే నా ఉద్యోగమే లేదని.

నేను జిల్లా కేంద్రంలో చిన్నపిల్లల ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో ఒప్పంద ఉద్యోగిని. ఏ జిల్లానో అడగొద్దు. పోస్టు పేరు ఆడియాలజిస్ట్ కం స్పీచ్ థెరపిస్ట్. ఆ "కం"లోనే వినికిడి, మాట అని రెండు ఉద్యోగాలున్నాయి, జీతం ఒక్కటే. పదకొండు నెలలకోసారి రెన్యువల్. ఎదుగుదల అన్న మాట మా ఆర్డర్ కాపీలో లేదు. నాకు హెడ్ లేరు, నా కింద ఎవరూ లేరు.

2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) కింద బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, బడులకి ఒకసారి వెళ్లి పిల్లల్ని చూస్తాయి. లోపం కనిపిస్తే మా దగ్గరికి పంపిస్తారు. నేను చేరిన కొత్తలో వచ్చేవాళ్లంతా నాలుగేళ్లు, అయిదేళ్లవాళ్లు. అప్పటికే చాలా ఆలస్యం. వినికిడికి ఒకటి-మూడు-ఆరు లెక్క ఉందిగా, నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స. మా దగ్గర అది నెలలు కాదు, ఏళ్లు.

ఎవరూ చెప్పకుండానే రెండేళ్ల కిందట ఒక పని మొదలుపెట్టా. ఆశా కార్యకర్తల నెలవారీ మీటింగ్‌కి వెళ్లి పదిహేను నిమిషాలు అడుక్కున్నా. "పిల్లాడు ఉలిక్కిపడుతున్నాడా? ఏడాదికి అత్తా తాతా అంటున్నాడా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా?" ఈ మూడూ చెప్పా. పీపీటీ లేదు, స్టీలు గ్లాసు, చెంచా పట్టుకెళ్లా. ఇప్పుడు ఏడాదిలోపు పిల్లలు రావడం మొదలైంది. పోయిన నెల ఏడు నెలల పాప వచ్చింది. ఆ పాపని తీసుకొచ్చిన ఆశా అక్క "మేడం, చెంచా కొట్టి చూశా, తిరగలేదు" అంది. నా సర్వీసులో అంత గొప్ప రిఫరల్ లెటర్ చూడలేదు.

దీనికి ప్రమోషన్ రాలేదు. రాదు కూడా. నత్తినడక గారూ, మీరు కనీసం బేరం ఆడగలిగే చోట ఉన్నారు. ఆడండి.

పాత_టేప్‌రికార్డర్

చెంచా, గ్లాసు. భేష్.

మానసగంగోత్రి

మైసూరులో పీహెచ్‌డీ చేస్తున్నా, అంతకుముందు హైదరాబాద్‌లో మూడేళ్లు క్లినిక్. పైన అందరూ ఉద్యోగాల గురించి మాట్లాడుతున్నారు, నేను ఇంకో వైపు నుంచి వస్తా.

తెలుగులో పనిచేసేవాళ్లకి ఇంకా ఖాళీగా ఉన్న చోటు చాలా ఉంది. ఉస్మానియా భాషాశాస్త్ర విభాగంలో దుగ్గిరాల వసంత గారు తెలుగు పిల్లల ఉచ్చారణ మీద, భాష నేర్చుకోవడం మీద ఎంత పని చేశారో మనకి తెలుసు. 2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చిన నిమ్స్ అధ్యయనం గుర్తుందా? సువర్ణ అల్లాడి గారి బృందం, అందులో వసంత గారు కూడా ఉన్నారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న 648 మందిని చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు లేనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. ప్రపంచమంతా దాన్ని ఉదహరిస్తోంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే మన హైదరాబాద్ లాంటి ఊరు కాబట్టే అంత బాగా చూడగలిగారు.

నాయకత్వం అంటే రోస్టర్ వెయ్యడం ఒక్కటే కాదు. మీ సెంటర్‌లో అయిదుగురు స్పీచ్ థెరపిస్టులు ఉన్నారు. వాళ్లు వాడే బొమ్మల కార్డులు ఏ భాషవి? సగం చోట్ల స్నోమ్యాన్ చూపించి తెలుగు పిల్లాడిని పేరు చెప్పమంటున్నారు.

ఇంటర్న్_గోల

స్నోమ్యాన్‌ని మా పేషంట్ "ఇడ్లీ బొమ్మ" అన్నాడు. తప్పు వెయ్యమన్నారు. నాకు మాత్రం కరెక్టే అనిపించింది.

రాగిజావ

ఇడ్లీ బొమ్మకి నేను ఫుల్ మార్కులు ఇస్తా.

ఇలాంటిదే మా దగ్గర ఒకటి. నేను ఒక పెద్ద ఆసుపత్రిలో స్ట్రోక్ పేషంట్లని చూస్తా. నల్గొండ వైపు పెద్దాయన, పక్షవాతం తర్వాత మాట సగం పోయింది. జూనియర్ బొమ్మలు చూపించింది. తలుపు చూపిస్తే "దర్వాజ" అన్నాడు, ఉల్లిపాయ చూపిస్తే "ఉల్లిగడ్డ" అన్నాడు. రెండూ తప్పు వేసింది. తనది రాజమండ్రి. తప్పు ఆ పిల్లది కాదు, జవాబుల కాగితంలో ఒకే మాట రాసి ఉంది. సాయంత్రం కూర్చుని అందరం కలిసి ప్రతి బొమ్మకీ కోస్తా, సీమ, తెలంగాణ మాటలు రాసుకున్నాం. రెండు గంటలు పట్టింది, మధ్యలో పల్లీలా వేరుశెనగలా అని కొట్టుకున్నాం. ఆ కాగితం ఇప్పుడు మా గది గోడమీద ఉంది.

నాకు హోదా ఏం లేదు, కార్డు మీద "కన్సల్టెంట్" అని ఉంది. ఎలా మొదలైందో చెప్తా. స్ట్రోక్ పేషంట్లకి మింగడం పరీక్షించకుండానే నీళ్లు పట్టేవాళ్లు. దగ్గు, జ్వరం, ఛాతీలో నెమ్ము. నేను ఎన్ని నోట్స్ రాసినా ఎవరూ చదవలేదు. ఒకరోజు నర్సింగ్ స్టేషన్‌లో 10 మిల్లీలీటర్ల సిరంజి, క్యాంటీన్ రాగిజావ పెట్టుకుని కూర్చున్నా. ద్రవం ఎంత చిక్కగా ఉందో చూసే ఐడీడీఎస్ఐ పరీక్ష తెలుసుగా, సిరంజి నింపి పది సెకన్లు వదిలితే ఎంత మిగిలిందో చూడాలి. ఒక మిల్లీలీటర్ లోపు మిగిలితే అది నీళ్లలాంటిదే. నాలుగు నుంచి ఎనిమిది మిగిలితే కాస్త చిక్కన, లెవెల్ రెండు. క్యాంటీన్ జావ "చిక్కగా ఉంది మేడం" అని సిస్టర్లు పందెం కాశారు. పది సెకన్లలో అంతా కారిపోయింది.

అప్పట్నుంచి వాళ్లే నన్ను పిలుస్తున్నారు. మూడు నెలలకి న్యూరాలజీ సార్ "రౌండ్స్‌కి మీరు కూడా రండి" అన్నారు. జీతం పెరగలేదు ఆ ఏడాది. తర్వాతి ఏడాది అడిగా, పెంచారు. అడిగినప్పుడు చేతిలో లెక్క ఉంది: ఎంతమందికి ముక్కు ట్యూబు తీయించగలిగాం అని ఆర్నెల్లు నోట్‌బుక్‌లో రాసుకున్నా.

బెజవాడ_క్లినిక్

అందరూ బాగా చెప్తున్నారు. కానీ నర్సులకి జావ, ఆశాలకి చెంచా, గోడకి కాగితం... ఇవన్నీ ఉచిత సేవ. నేను అడిగేది సూటి ప్రశ్న. డబ్బులెక్కడ? మన ఆడపిల్లలు సగంమంది పెళ్లయ్యాక, కాన్పయ్యాక మానేస్తున్నారు, ఎందుకు? సేవాభావం తక్కువై కాదు. పాతిక వేలకి రోజుకి ఎనిమిది సెషన్లు, పసిపిల్లని ఎవరు చూస్తారు?

నేను నా క్లినిక్ పెట్టి ఆరేళ్లు. మొదటి ఏడాదిన్నర అద్దె మా ఆయన జీతంలోంచి. ఇప్పుడు ముగ్గురికి జీతాలిస్తున్నా. పాప బడి నుంచి రాగానే నా గదిలోనే హోంవర్క్ చేసుకుంటుంది. ఈ స్వేచ్ఛ ఏ హెడ్ పోస్టులోనూ రాదు.

రాగిజావ

ఉచితంగా మొదలైంది, ఉచితంగా ఆగలేదు అని రాశానుగా. చివరి పేరా చదవండి మేడం.

బెజవాడ_క్లినిక్

చదివా. ఒక ఏడాది ఆగాల్సొచ్చింది అని కూడా చదివా.

బ్యాండ్_బాజా

ఇద్దరూ కరెక్టే, కొట్టుకోకండి. బెజవాడ మేడం, ఆ ముగ్గురికి మీరు సూపర్‌విజన్ గంటలు ఇస్తున్నారా? కుట్ర ప్రశ్న కాదు.

బెజవాడ_క్లినిక్

కుట్ర ప్రశ్నే. శనివారాలు ఇస్తా... ఇవ్వాలనుకుంటా.

చిన్నోడి_అమ్మ

నేను థెరపిస్ట్‌ని కాదు. మా చిన్నోడికి ఆరేళ్లు, ఆటిజం. ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు, మూడు రోజులుగా చదువుతున్నా, ఉండబట్టలేక రాస్తున్నా.

మూడేళ్లలో వాడికి అయిదుగురు స్పీచ్ మేడంలు మారారు. ప్రతిసారీ ఒక ఫోన్: "మేడం గారు మానేశారు, రేపటి నుంచి కొత్త మేడం." కొత్తావిడ వచ్చి మళ్లీ మొదట్నుంచి అసెస్‌మెంట్. "బాబు కళ్లలోకి చూస్తాడా అమ్మా?" మూడేళ్ల కిందట అడిగిన ప్రశ్నే. పాతావిడ వాడికి నీళ్లు కావాలంటే కార్డు ఇవ్వడం నేర్పింది, వాడు ఇస్తున్నాడు కూడా. కొత్తావిడకి ఆ సంగతి తెలీదు. కార్డు తీసి పక్కన పెట్టేసింది. ఆ రాత్రి ఇంటికొచ్చి వాడు ఫ్రిజ్ ముందు కూర్చుని ఏడ్చాడు.

నత్తినడక గారూ, మీరు హెడ్ అయితే టార్గెట్‌లో "ఎంతమంది మానేశారు" అని ఉందన్నారు. మానేసింది మేమా, మీ మేడంలా? ఆ రెండో లెక్క ఎవరైనా రాస్తున్నారా?

నత్తినడక

చిన్నోడి_అమ్మ గారూ, రాయట్లేదు. ఇప్పుడే రిజిస్టర్ తీసి చూశా. పోయిన ఏడాది మా బ్రాంచ్‌లో అయిదుగురిలో ముగ్గురు మారారు. ఆ మారిన ముగ్గురి చేతిలో ఉన్న పిల్లలు 41 మంది. అందులో ఎంతమంది ఫైల్లో "కార్డు ఇస్తాడు" లాంటి మాట ఉందో చూశా. తొమ్మిది.

మీ పోస్టు ప్రింట్ తీసుకుంటున్నా. పేరు లేకుండా.

టెక్సాస్_పంతులమ్మ

ఇక్కడ అదొక్కటే మెరుగు. ఐఈపీ కాగితం (ఒక్కో పిల్లాడికి విడిగా రాసే చదువు ప్రణాళిక) పిల్లాడితోపాటు వెళ్తుంది. మనిషి మారినా లక్ష్యాలు మారవు. 1975 చట్టం నుంచీ ఉన్న పద్ధతి. ఆ కాగితాలు రాయలేక నా ఆదివారాలు పోయాయి, అది వేరే కథ.

మానసగంగోత్రి

నత్తినడక గారూ, ఆ 41లో 9 అన్న లెక్క చాలా విలువైంది. దాచుకోండి.

పాత_టేప్‌రికార్డర్

అమ్మాయీ, బుధవారం వెళ్లేటప్పుడు నోటితో చెప్పకు. ఒక్క పేజీ రాసి ఇవ్వు. మన వృత్తే మాట, కానీ బేరంలో మాట నిలవదు. రోజుకి ఎన్ని సెషన్లు, వారానికి ఎన్ని గంటలు జూనియర్లతో, ఎవరి కాగితం మీద సంతకం పెడతావు, ఎవరిది పెట్టవు. ఇంటర్వ్యూలో నువ్వు కూర్చుంటావా లేదా అన్నది కూడా. మనుషుల్ని తీసుకునే హక్కు లేని హెడ్‌కి తిట్లు తినే హక్కు ఒక్కటే మిగులుతుంది.

ఊయల_ఓటీ

ఓటీల కోసం ఒక ఓటీ సీనియర్‌ని పెట్టమని కూడా రాయండి. జీవితాంతం రుణపడి ఉంటాం. మీరొచ్చినప్పుడు ఊయల ఎక్కిస్తాం.

ఇంటర్న్_గోల

బుధవారం అయిపోయింది. గురువారం కూడా. ఏమైంది అక్కా???

నత్తినడక

సారీ, రెండు రోజులు ఊపిరాడలేదు.

ఒక పేజీ రాసి ఇచ్చా. సెషన్లు ఐదు అడిగా, ఆరుకి ఒప్పుకున్నారు. వారానికి మూడు గంటలు జూనియర్ల సెషన్లలో కూర్చోవడానికి, రోస్టర్‌లో రంగు వేసి మూసేశాం, ఎవరూ బుక్ చెయ్యకుండా. ఓటీ రిపోర్టుల మీద సంతకం పెట్టను అన్నా. ఓనర్ గారికి మొదట అర్థం కాలేదు. "పళ్ల డాక్టరు కళ్ల చీటీ రాస్తే ఒప్పుకుంటారా సార్" అంటే నవ్వి వదిలేశారు. ఇంటర్వ్యూల్లో కూర్చుంటా. టార్గెట్ తియ్యమంటే తియ్యలేదు, "చూద్దాం" అన్నారు. కానీ దాని పక్కనే థెరపిస్టులు ఎంతమంది మారారు అన్న లెక్క కూడా పెట్టడానికి ఒప్పుకున్నారు. 41లో 9 చూపించినప్పుడు ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. మేనేజ్‌మెంట్ చదివినాయన కదా, లెక్క అర్థమైంది. జీతం 54.

పేరు క్లినికల్ హెడ్ కాదు, "సీనియర్, స్పీచ్ విభాగం". నాకు అదే నయమనిపించింది. మావయ్యకి నిరాశ.

అసలు టెన్షన్ నా బ్యాచ్‌మేట్ గురించి కదా. నిన్న సాయంత్రం ఇరానీ చాయ్‌కి తీసుకెళ్లి, అరగంట నసిగి చెప్పా. అది బిస్కట్ ముంచుకుంటూ, "నాకు నెల కిందటే అడిగారే, వద్దన్నా" అంది. ఎందుకు చెప్పలేదే అంటే, "చెప్తే నువ్వు కూడా వద్దంటావని" అంది. దాని సెలవు చీటీ మొదటిది ఇవాళ పొద్దున్నే నా టేబుల్ మీద ఉంది. నాలుగు రోజులు, తిరుపతి.

బ్యాండ్_బాజా

😂😂 సంతకం పెట్టారా?

నత్తినడక

మూడు రోజులే ఇచ్చా.

బెజవాడ_క్లినిక్

"చూద్దాం" అన్నారంటే టార్గెట్ ఉన్నట్టే, గుర్తుపెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఇదే థ్రెడ్‌లో రాయాలి మీరు. అన్నట్టు బ్యాండ్_బాజా గారూ, ఈ శనివారం ముగ్గురి సెషన్లలోనూ కూర్చున్నా. ఒకమ్మాయి నాకంటే బాగా చేస్తోంది. కొంచెం మండింది.

రాగిజావ

ఆ మంట మంచిదే మేడం, రాగిజావ తాగండి.

చిన్నోడి_అమ్మ

నత్తినడక గారూ, మీ సెంటర్ ఎక్కడో చెప్పగలరా? మాది మియాపూర్.

నత్తినడక

ఇక్కడ చెప్పలేను అమ్మా, మెసేజ్ పెట్టండి. వచ్చేటప్పుడు వాడి నీళ్ల కార్డు మర్చిపోకుండా తీసుకురండి.